చల్లబడే ఇస్త్రీపెట్టె

పొద్దున్నే ఇస్త్రీకొట్టు షట్టరెత్తి, తోడికోడళ్ళిద్దరూ చెరో బల్ల దగ్గర బట్టల మీద నీళ్ళు చిలకరించుకుంటారు. అత్తగారు మడతలు సర్ది మూటలు కడుతుంది.

చిన్నకోడలి చేతిలో ఇస్త్రీపెట్టెకి ఒక అలవాటుంది. ఎవరైనా చెయ్యబోయే పని తప్పయితే చల్లబడిపోతుంది. అందుకని వీధివాళ్ళు బట్టలతోపాటు సందేహాలూ తెచ్చేవారు.

"అందరూ చేసేదేగా!" అనేవాడు సిమెంటులో ఇసుక ఎక్కువ కలపబోయే కాంట్రాక్టరు. పెట్టె చల్లబడేది. "రూల్సులో వద్దని లేదే!" అనేది వకీలమ్మ. చల్లబడేది. "నా మనసుకి తప్పనిపించట్లేదండీ," అన్నాడు చిన్నిల్లు పెట్టబోతున్న మేనేజరు. ఆ పూట ఇక పెట్టె కాగనేలేదు.

పెద్దకోడలి దగ్గరికి మాత్రం ఉత్త బట్టలే వచ్చేవి. "మా చిన్నదాని చెయ్యి అలాంటిది," అని అత్తగారు మురిసిపోయినప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది. ముందొచ్చింది తను. పని నేర్పింది తను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటే ఇదే కాబోలు! ఒకసారి గుట్టుగా పెట్టెలు మార్చి చూసింది. చిన్నకోడలి చేతిలో ఆ పెట్టె కూడా చల్లబడింది. ఆ రోజు పెద్దకోడలికి తిండి సయించలేదు.

ఒక మధ్యాహ్నం చిన్నకోడలు బట్టలిచ్చి రావడానికి వెళ్ళింది. ఆమె బల్ల మీద డాక్టరమ్మ కూతురి పెళ్ళిచీర ఉంది, పలచటి పట్టు. పెద్దకోడలు తన పెట్టెని బాగా కాగనిచ్చింది. ఒక్క మచ్చ పడితే చాలు, ఆ చెయ్యి ఎంత గొప్పదో ఊరంతా చూస్తుంది. పెట్టెని పట్టు మీద పెట్టి గట్టిగా నొక్కింది.

పొగ రాలేదు. మచ్చ పడలేదు. పెట్టెని చెంపకి ఆనించుకుంది. కుండలో నీళ్ళలా చల్లగా ఉంది.

"అత్తయ్యా! చల్లబడింది! నా చేతిలో కూడా చల్లబడింది!"

అత్తగారు పరుగున వచ్చింది. అప్పుడే గుమ్మంలోకి వచ్చిన చిన్నకోడలి మొహం వెలిగిపోయింది.

"నిజమా అక్కా! ఏం చెయ్యబోతే చల్లబడింది?"

పెద్దకోడలు ఏదో ఒకటి అల్లి చెబుదామనుకుంది. పెట్టె ఇంకా చల్లబడి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఎదుటి మొహంలో ఎంత వెతికినా కుళ్ళు కనబడలేదు. దానికీ కుళ్ళుకుంది.

"నీ పేరు చెడగొడదామని ఈ బట్ట కాల్చబోయానే," అంది చివరికి.

చేతిలో పెట్టె మెల్లగా వేడెక్కింది. అత్తగారు తల తిప్పేసుకుంది. చిన్నకోడలు పట్టుబట్టని తీసి పెద్దకోడలి బల్ల మీద పరిచింది.

"ఇది నువ్వే చెయ్యి అక్కా."

మర్నాడు చిన్నకోడలి దగ్గర వరస పొడుగ్గా ఉందని కాంట్రాక్టరు వచ్చి పెద్దకోడలి ముందు నిలబడ్డాడు.

"అడగండి," అంది ఆమె, పక్క వరస మీద ఒక కన్నేసే ఉంచి.