కిరాయిలు పెరిగిన ఏడాది

ఆ లారీ ఆఫీసులో అందరూ ఆమెను బుకింగక్క అనేవారు. ఆమె కంటే పదేళ్లు పెద్దవాడైన ఓనరు కూడా అలాగే పిలిచేవాడు. పంతొమ్మిదేళ్లుగా ఆమె పని ఒకటే. సరుకున్నవాడికి లారీని, లారీ ఉన్నవాడికి సరుకును వెతికిపెట్టి, మధ్యలో కిరాయి తేల్చాలి. ఫోను చెవికి ఆనించీ ఆనించీ ఆమె మెడ ఎడమవైపుకు ఒరిగిపోయింది. "నువ్వు ఊరికే నిలబడ్డా ఎవరితోనో బేరమాడుతున్నట్టే ఉంటావు" అని భర్త వెక్కిరించేవాడు.

ఆఫీసులో ముప్ఫై ఒక్కమంది డ్రైవర్లు. అందులో పద్నాలుగు మంది పొరుగుదేశం నుంచి పని పర్మిట్ మీద వచ్చినవాళ్లు. వాళ్లలో అందరికంటే పాతవాణ్ణి నిచ్చెన అనేవారు. క్యాబిన్‌లో కూర్చుంటే తల పైకప్పుకు తగిలేంత పొడుగు మనిషి. వచ్చి తొమ్మిదేళ్లయినా అతనికి నిన్నకూ రేపటికీ తేడా పట్టుబడలేదు. "అక్కా, లోడు నిన్న దింపేస్తా" అని ఫోన్లో చెబితే ఆమె కంగారుపడకుండా రేపటి గడిలో రాసుకునేది.

ఆమె భర్త కూడా ఒకప్పుడు అక్కడి డ్రైవరే. నడుము పట్టేయడంతో మూడేళ్ల కిందట స్టీరింగు వదిలేశాడు. మనిషి ఇంట్లో కూర్చున్నా కోపం మాత్రం రోడ్డు మీదే ఉండేది.

"వీళ్లొచ్చాకే కదా మన కిరాయిలు నేలబడ్డాయి. మనం చాలదన్న డబ్బుకి వాళ్లు సరేనంటారు. సరుకువాడికి అంతకంటే ఏం కావాలి?"

ఆ మాటలో అబద్ధం లేదని ఆమెకు తెలుసు. ఆ బేరాలన్నీ కుదిర్చింది తనే. కానీ వాళ్లు లేకపోతే ఆ బళ్లు ఎవరు తోలతారని అడిగితే ఆయన పేపరు తిరగేసేవాడు. ఇక్కడి కుర్రాళ్లు లారీ ఎక్కడం మానేసి చాలా ఏళ్లయింది.

ఒక సోమవారం ఉదయం కొత్త రూలు వచ్చింది. పర్మిట్ మీద వచ్చినవాళ్లకు పెద్దబండి లైసెన్సు ఇక రెన్యువల్ చేయరు. చేతిలో ఉన్నదాని గడువు ఎంతవరకో అంతవరకే. ఆమె పద్నాలుగు మంది గడువులూ ఒక కాగితం మీద వరసగా రాసి టేబులు అద్దం కింద పెట్టుకుంది. మొదటిదానికి తొమ్మిది రోజులే ఉంది.

మూడు నెలలు తిరిగేసరికి పదకొండు లారీల తాళాలు ఆమె సొరుగులోకి చేరాయి. యార్డులో బళ్లు చీపురు పట్టే సందు కూడా లేకుండా బారులు తీరాయి. ఎక్కించాల్సిన సరుకు గోడౌన్లలో పేరుకుపోతోంది. పక్క ఆఫీసుల్లోనూ అదే తంతు. మొదటి నెల కిరాయి ఐదో వంతు పెరిగింది. మూడో నెలకు రెట్టింపైంది. పెంచమని ఆమె ఎవరినీ అడగలేదు. "పక్కవాడు ఎంతిస్తానన్నాడో చెప్పు, నేను పైన వేస్తాను, బండి నాకు పంపు" అని సరుకువాళ్లే ఒకరి మీద ఒకరు పోటీపడ్డారు. పదేళ్లుగా కాస్త పెంచమంటే కస్సుమనే దాణా ఫ్యాక్టరీ మేనేజరు ఇప్పుడు "అక్కా, భోంచేశావా?" అని మాట మొదలుపెడుతున్నాడు.

అందరూ అలా పైన వేయగలిగినవాళ్లు కాదు. వారానికి సగం లారీ సబ్బులు పంపే ఒకావిడ ఉంది. పెరటి షెడ్డులో నలుగురు ఆడవాళ్లతో సబ్బులు చేయిస్తుంది. "అక్కా, సబ్బు కంటే దాని ప్రయాణమే ఖరీదైంది. ఇంక నేనేం అమ్మను, నురుగా?" అని నవ్వబోయి ఊరుకుంది. ఇంకో వారం చూద్దామమ్మా అంది ఆమె. ఆ మాట అప్పటికి నాలుగు వారాలుగా అంటోంది.

కిరాయిలు పెరిగిన సంగతి ఇంట్లో దాగలేదు. ఒకరోజు ఆఫీసుకు బయల్దేరుతుంటే భర్త కూడా బూట్లు వేసుకున్నాడు.

"నాకో బండి ఇవ్వు. లైసెన్సుకి ఇంకా రెండేళ్లుంది."

"నడుముకి ఉందా?"

"బెల్టు కట్టుకుంటా. జన్మంతా చవక కిరాయికి తోలాను. మంచి కిరాయి వచ్చినప్పుడు ఇంట్లో కూర్చోమంటావా?"

ఆమె వద్దంది. ఆయన నేరుగా ఓనరు దగ్గరకు వెళ్లాడు. డ్రైవరు దొరికితే చాలనుకునే రోజులవి. ఓనరు టీ తెప్పించి మరీ తాళం ఇచ్చాడు.

మొదట్లో ఆయన హుషారుగానే ఉన్నాడు. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడని మనిషి రోజుకు ఎనిమిదిసార్లు ఫోన్లో దొరికేవాడు. "ఎక్కడిదాకా వచ్చారు?" అని ఆమె, "టోల్‌గేటు దాటా" అని ఆయన. ఇన్నేళ్ల కాపురంలో ఇంత కబుర్లాడింది లేదని ఆఫీసులో నవ్వుకున్నారు. రెండో నెలకు ఆ గొంతులో హుషారు ఆరిపోయింది. బండి దిగేటప్పుడు తలుపు పట్టుకుని, కాళ్లు సాగేదాకా కాసేపు అలాగే వేలాడేవాడు. దిగీ దిగగానే ఇంకో లోడు సిద్ధంగా ఉండేది. దాన్ని సిద్ధం చేసేది ఆమే.

ఈలోగా నిచ్చెన గడువూ అయిపోయింది. తాళం టేబులు మీద పెట్టి, "అక్కా, ఏదైనా పని" అన్నాడు. పర్మిట్ ఇంకో నాలుగు నెలలుంది. సగం జీతానికి యార్డులో మూటలెత్తే పని దొరికింది. ఆమెను అక్క అంటున్నాడు కాబట్టి ఆమె భర్తను బావగారూ అని పిలిచేవాడు. "నేను వీడికి బావనెప్పుడయ్యాను!" అని మొదట్లో విసుక్కున్న ఆ పెద్దమనిషి, ఇప్పుడు బండి దిగేటప్పుడు అతని భుజమే పట్టుకుంటున్నాడు.

ఒక మధ్యాహ్నం నిచ్చెన ఆఫీసు గుమ్మంలోకి వచ్చి, చెప్పాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"అక్కా, బావగారి బండికి పక్క రేకు గీరుకుపోయింది, చూశారా?"

"ఫ్యాక్టరీ గేటు తగిలిందట. పొద్దున చెప్పారు."

"ఆరేళ్లు ఆ గేటు దాటాను నేను. అది ఆకుపచ్చ. రేకుకంటింది పసుపు." గొంతు తగ్గించాడు. "పసుపు రంగు వంతెన రెయిలింగుది."

ఆమె ఫోను కింద పెట్టి లేచింది. డ్రైవర్ల గదిలో బల్ల మీద భర్త బూట్లతోనే కూర్చుని ఉన్నాడు, తర్వాతి లోడు కోసం.

"ఏమండీ, వంతెన మీద ఏమైంది?"

ఆయన గోడ వంక చూశాడు. "కన్ను మూతపడింది" అన్నాడు. "ఒక్క క్షణమే. వెనకవాడు హారన్ కొట్టాడు. తెరిచేసరికి బండి రెయిలింగుని రాసుకుంటూ పోతోంది. కింద నీళ్లు."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఎలా చెప్పను? అంతకుముందే నువ్వు రెండుసార్లు ఫోను చేశావు, ఎక్కడిదాకా వచ్చారు, త్వరగా రండి అని."

ఆమె వంగి ఆయన చొక్కా జేబులోంచి తాళం తీసుకుంది. ఆయన అడ్డు చెప్పలేదు. అదే ఆమెకు ఎక్కువ బాధనిపించింది.

ఓనరు మాత్రం అడ్డు చెప్పాడు. "రెట్టింపు కిరాయి లోడు, అక్కా! యార్డులో పెట్టుకుని చూస్తూ కూర్చుంటామా? లైసెన్సున్న మనిషే కదా!"

"లైసెన్సుంది, ఓపిక లేదు. ఓపికున్నవాడు లైసెన్సు లేక బయట మూటలు మోస్తున్నాడు. ఇద్దర్నీ కలిపి ఒక డ్రైవర్ని చేసే విద్య నాకు రాదు సార్."

దాణా ఫ్యాక్టరీకి కూడా తనే ఫోను చేసింది. ఇవాళ బండి లేదు, రేపూ లేదు అని చెప్పింది. మేనేజరు ఇంకాస్త పెంచుతానన్నాడు. "డబ్బు పెంచితే మనిషి పుట్టుకొస్తాడా సార్?" అంది. అటువైపు ఫోను ఠక్కున పెట్టేశారు. భర్త ఇంటికి వెళ్లి మర్నాడు పొద్దెక్కేదాకా పడుకున్నాడు.

ఓనరు రెండు రోజులు మొహం మాడ్చుకున్నాడు. మూడో రోజు, పెరిగిన కిరాయిలో డ్రైవర్ల వాటా పెంచాడు. మంచితనంతో కాదు. ఎదురాఫీసువాడు అప్పటికే పెంచాడు. పని మానేసిన పాతవాళ్లు ఇద్దరు తిరిగొచ్చారు. కొత్తవాళ్లు ముగ్గురు నేర్చుకోవడానికి చేరారు; వాళ్లు పెద్దబండి ఎక్కడానికి ఇంకా ఆరు నెలలైనా పడుతుంది. ఆమె భర్త యార్డులో కుర్చీ వేసుకుని వాళ్లకు రివర్సు నేర్పుతూ రోజంతా అరుస్తున్నాడు. సబ్బులావిడ ఫోను చేయడం మానేసింది. ఒకరోజు బుకింగక్కే చేసింది. షెడ్డు అద్దెకిచ్చేశానని, చుట్టుపక్కల వీధుల్లో సంచీతో తిరిగి అమ్ముతున్నానని చెప్పిందావిడ. ఆ గొంతులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది ఆమెకు.

పర్మిట్ అయిపోయిన రోజు నిచ్చెన సంచీతో వచ్చాడు. ఇంకో దేశంలో పని కుదిరింది.

"అక్కడ డ్రైవర్లు లేరట, బావగారూ. కిరాయిలు బాగా పెరిగిపోయాయట."

"నువ్వెళ్తున్నావుగా, తగ్గుతాయిలే" అన్నాడు ఆయన.

ఇద్దరూ నవ్వారు. వద్దంటున్నా వినకుండా ఆయన ఆ సంచీ అందుకుని, నడుము పట్టుకుంటూనే బస్సుదాకా మోసుకెళ్లాడు.

తిరిగొచ్చి ఆమె ఎదుట కుర్చీలో కూలబడ్డాడు. "సీటు సరిపోలేదు వాడికి. మోకాళ్లు ముందు సీటుకి గుచ్చుకుంటున్నాయి. రెండు రోజుల ప్రయాణం" అన్నాడు. నడుము సర్దుకుంటూ, "దాణా లోడు ఎవరు తీసుకెళ్తారు?" అని అడిగాడు.

"ఇంకా తెలీదు."

ఫోను మోగింది. ఫ్యాక్టరీదే. ఆమె గ్లాసులో మిగిలిన టీ తాగి, మూతి తుడుచుకుని, అప్పుడు ఎత్తింది.