కిలోకి ముప్పై ఎనిమిది

తిరుపతి ముఖానికి మాస్కు బిగించి, ట్రెడ్‌మిల్ వేగం పెంచుతూ పోయింది శ్రావణి. ఆ గాజు మేడ పన్నెండో అంతస్తులో, జిమ్ పక్క గదిలో ఆమె పని అదే. ఇక నా వల్ల కాదని మనిషి చేతులెత్తేసేదాకా పరిగెత్తించాలి, నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకున్నాడో చూడాలి, దాన్ని అతని బరువుతో భాగించాలి. మూడేళ్లుగా భాగిస్తూనే ఉంది. మొదట్లో అవతలివాళ్ల ముఖాలు చూసేది. ఇప్పుడు తెర ఒక్కటే చూస్తోంది.

తిరుపతి ఆ మేడలోని ఫైర్ టీంలో మనిషి. నానక్‌రామ్‌గూడ వాడే. ఈ మేడ కోసం బండలు పేల్చిన రోజుల్లో ఆ రాళ్లు మోసినవాడు. సరిగ్గా నూరు కిలోలుంటాడు. నిమిషానికి మూడు వేల ఆరువందల మిల్లీలీటర్లు లాగాడు. టీంలో అంత ఊపిరి ఇంకెవరికీ లేదు. నూరుతో భాగిస్తే ముప్పై ఆరు. పాసవడానికి కంపెనీ గీసిన గీత ముప్పై ఎనిమిది. అంతకుముందే పరిగెత్తిన మహేశ్ అరవై కిలోల బక్కప్రాణి. రెండు వేల నాలుగువందలే లాగి, నలభైతో దర్జాగా గీత దాటాడు.

"గిదేంది మేడం? మిషిన్ల నాకే ఎక్కువొచ్చింది గద?" అన్నాడు తిరుపతి, చెమట తుడుచుకుంటూ.

"వచ్చింది. కానీ కిలోకి ఎంతని లెక్క కడతారు. అలా చూస్తే మీకు తక్కువైంది."

"ఫెయిలైతే టీంలకెల్లి తీసేస్తరు. బేస్‌మెంట్ల గేటు కాడ నిలబెడ్తరు. ఇగ రామచంద్రం సారును ఎవరు దింపుతరు?"

రామచంద్రం పదకొండో అంతస్తులో పనిచేస్తాడు. పసితనంలోనే పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడిపోయాయి. మూడు నెలలకోసారి డ్రిల్ సైరన్ మోగగానే లిఫ్టులు ఆగిపోతాయి. తిరుపతి ఆయన్ని వీపున ఎక్కించుకుని పదకొండు అంతస్తులూ ఎక్కడా ఆగకుండా దిగిపోతాడు. కింద నిలబడ్డవాళ్లు చప్పట్లు కొడతారు.

ఒళ్లు పెరిగినంత లెక్కన ఊపిరి పెరగదనీ, ఉత్త బరువుతో భాగిస్తే పెద్ద ఒళ్లున్నవాడు నష్టపోతాడనీ శ్రావణికి తెలుసు. దాన్ని సరిచేసే లెక్క ఒకటి ఉందని పైవాళ్లకు మెయిల్ పెట్టింది. కాంట్రాక్టులో కిలోకి అనే రాసుందని ఒక్క ముక్కలో జవాబొచ్చింది. చదివి మూసేసింది. కోపం కూడా రాలేదు.

"మూడు నెలల్లో మళ్లీ టెస్టు పెడతారు. అందాకా టీంలోంచి తీసెయ్యరు. బరువు తగ్గితే నెంబరు పెరుగుతుంది," అని చెప్పింది తిరుపతికి. అది అబద్ధమేమీ కాదు.

మూడు నెలలకు అతను మళ్లీ వచ్చాడు. చొక్కా ఒంటిమీద వేలాడుతోంది.

"పగటిపూట ఒక్క జొన్నరొట్టె, రాత్రికి మజ్జిగ. గంతే మేడం."

ఎనభై నాలుగు కిలోలు. ఈసారి లాగింది మూడు వేల రెండువందలే. నాలుగువందలు ఎటుపోయాయో శ్రావణికి తెలుసు. కండతోపాటే పోయాయి. అయినా భాగించింది. ముప్పై ఎనిమిది పైన చిల్లర.

"పాసైన్నా?"

"పాసయ్యారు."

తిరుపతి రెండు చేతులెత్తి దండం పెట్టాడు. ఆమె కాగితం ప్రింటు తీసి సంతకం చేసింది.

మరుసటి వారమే డ్రిల్ సైరన్ మోగింది. అందరితోపాటు శ్రావణీ మెట్లు దిగుతోంది. ఏడో అంతస్తు మలుపులో తిరుపతి గోడకు ఆనుకుని కూలబడి ఉన్నాడు. పక్క మెట్టు మీద రామచంద్రం కూర్చుని ఉన్నాడు. జనం వాళ్లను తప్పుకుంటూ, ఫోన్లు చూసుకుంటూ దిగిపోతున్నారు.

"పర్లేదయ్యా, ఉత్త డ్రిల్లే కదా. కాసేపు కూర్చుందాం," అంటున్నాడు రామచంద్రం. చేయి మాత్రం కమ్మీని గట్టిగా పట్టుకునే ఉంది.

తిరుపతి తలెత్తి శ్రావణిని చూశాడు. "పాసైన గద మేడం. మరి గిదేంది?"

ఏడవాల్సిన చోటని ఆమెకు తెలిసింది. ఏడుపు రాలేదు. వంగి రామచంద్రం చంక కింద చేయి వేసింది. రెండోవైపు తిరుపతి పట్టాడు. ఇద్దరూ లేపితే ఆయన బరువంతా ఒక్కసారిగా ఆమె భుజం మీద పడింది. మూడేళ్లుగా బరువును తెర మీద చూడటమే గానీ, మనిషి బరువు ఒంటికి తెలియడం అదే మొదలు.

ఆరో అంతస్తుకు చేరేసరికి సైరన్ ఆగిపోయింది. అందరూ క్షేమంగా దిగిపోయారని మైకులో చెప్పారు.