పసుపు సుద్ద గీత

బట్ట కత్తిరించడంలో నా చెయ్యి తప్పదని ఈ వీధంతా చెప్పుకుంటుంది. చెప్పుకోదా మరి? పదిహేనేళ్లుగా నా డప్పు నేనే కొట్టుకున్నాను.

ఆ పేరు నిలబెట్టుకోవడానికే చెల్లి కొంప ముంచాను. మూడేళ్ల క్రితం ఒక లాయరమ్మ నల్లకోటుకు ఎడమ చెయ్యి రెండంగుళాలు పొట్టిగా వచ్చింది. కొట్లో ఇంకో ఇద్దరు ఆడవాళ్లు కూర్చుని వింటున్నారు. "మా చెల్లి కత్తిరించిందండీ. దాని చెయ్యి ఇంకా కుదరలేదు" అనేశాను. కత్తిరించింది నేనే. పక్కగదిలో బొత్తాలు కుడుతున్న చెల్లి, ఆ వారం ఇద్దరం కలిసి కత్తిరించిన బట్టల్లో అది తనదే కాబోలనుకుంది పిచ్చిమొహం. బయటికొచ్చి "తప్పయిపోయిందండీ" అని తల దించుకుంది. నేను నోరు మెదపలేదు.

అప్పటినుంచి అది కత్తెర ముట్టలేదు. కాజాలు, బొత్తాలు, ఇస్త్రీ, అంతే. "నాది మొద్దు చెయ్యిలెండి" అని తనే నవ్వించేది. అందరితోపాటు నేనూ నవ్వేదాన్ని, సిగ్గులేనిదాన్ని.

ఈరోజు కుట్టుపని నేర్పే బడి నుంచి ఫోనొచ్చింది. చెల్లికి అక్కడ పని నేర్పిన పెద్దావిడ ఉద్యోగం మానేస్తోందట. తన చోట కత్తిరింపు నేర్పడానికి చెల్లే రావాలని పట్టుబట్టిందట. గంటలో చెప్పమన్నారు.

"వద్దనేస్తానక్కా. వాళ్ల బట్టలు కూడా పాడుచెయ్యడానికా?" అంది చెల్లి.

పారెయ్యలేక బీరువా అడుగున దాచిన ఆ కోటు పొట్టి చెయ్యి ముక్క తెచ్చి దాని ముందు పెట్టాను.

"ఇది కత్తిరించింది నేనే. నా పరువు కోసం నీమీదికి తోశాను. తిట్టవే నన్ను!"

అది నవ్వింది. "ఊరుకో అక్కా. నాకు ఉద్యోగం వస్తుందంటే ఎంత అబద్ధమైనా ఆడతావు."

"సుద్ద గీత చూడవే! పసుపు నాది, తెలుపు నీది. ఎప్పుడైనా మారాయా?"

గీతను వేలితో తడిమింది. దాని మొహంలో ఏదో కదిలింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీ సుద్ద నేనే తీసుకుని ఉంటాను. నా పరాకు నీకు తెలియనిదా?" అంటూ ఫోనందుకుంది.

"ఒద్దే!" అని చెయ్యి పట్టుకున్నాను. మెల్లగా విడిపించుకుంది.

"నేను రాలేనండీ" అంది అవతలివాళ్లతో. "నా చెయ్యి ఇంకా కుదరలేదు."

మూడేళ్లనాటి నా మాటే అది, పొల్లుపోకుండా.