చెయ్యి చూసి నొక్కిన మీట

వీధిలో అందరూ ఆయన్ని ఫిరంగి మామయ్య అంటారు. వయసంతా సైన్యంలో ఫిరంగి పక్కన నిలబడ్డ మనిషి. ఆ ఫిరంగి పింఛనిచ్చి పంపింది కానీ చెవులు రెండూ తన దగ్గరే ఉంచేసుకుంది. ఆ మాట ఆయన ఒప్పుకోడు. "నాకు బాగానే వినపడుతుంది, జనమే గొణుగుతున్నారు" అంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

నలిగిపోయింది అత్తయ్య. ఆమెది మెత్తని గొంతు. అలాంటిది, ఉప్పు అయిపోయిందన్న మాట కూడా వీధి చివరికి వినపడేలా చెప్పాల్సి వస్తోంది. కొత్తగా దిగిన పక్కింటావిడ తనని గయ్యాళి అనుకుంటోందని తెలిసిన రోజు అత్తయ్య ఏడ్చేసింది. "గోడలకు చెవులుంటాయంటారు. మా ఇంట్లో గోడలకే ఉన్నాయి" అని, మర్నాడే ఆయన్ని మాజీ సైనికుల సంక్షేమ కార్యాలయానికి లాక్కెళ్లింది. వినికిడి పోయిందని పరీక్షలో తేలితే చెవి మిషన్లు ప్రభుత్వమే ఇస్తుంది. తేలకపోతే ఇక జన్మంతా అరుపుల కాపురమే.

చెవుల డాక్టరమ్మ ఆయనకు హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో మీట ఇచ్చి, ఎదురుగా తన యంత్రం ముందు కూర్చుంది. ఆమె బొత్తాం నొక్కి పంపే చప్పుడు వినపడగానే ఆయన మీట నొక్కాలి. మామయ్య నొక్కాడు. ఒక్కటంటే ఒక్కటీ తప్పలేదు.

"కుర్రాళ్ల చెవులమ్మా ఈయనవి! మిషన్ రాయడానికి రూల్సు ఒప్పుకోవు" అంది డాక్టరమ్మ.

ఆమె నవ్వు చూసి మామయ్య మీసం దువ్వుకున్నాడు. ఇక అరుపుల కాపురమే అనుకుంది అత్తయ్య. అంతలో ఆయన పెళ్లయిన కొత్తలో చెప్పిన మాట గుర్తొచ్చింది. పేలుళ్ల మధ్య ఎవరి కేకా ఎవరికీ వినపడదు. కమాండర్ చెయ్యి దించగానే పేల్చడమే. ఆ అలవాటు ఈనాటికీ పోలేదన్నమాట!

"ఒక్కసారి ఆ కుర్చీ గోడవైపు తిప్పండమ్మా. ఈయన మీ చెయ్యి చూసి నొక్కుతున్నాడు."

కుర్చీ తిప్పారు. డాక్టరమ్మ చప్పుళ్లు పంపుతూనే ఉంది. మామయ్య మీట మీద వేలుంచి, నిటారుగా కూర్చుని, ఎదురుచూస్తూనే ఉన్నాడు.

"ఇంకా మొదలెట్టలేదా?" అన్నాడు చివరికి.

వెనక్కి తిరిగి అత్తయ్య మొహం చూశాడు. అర్థమైంది. భుజాలు వాలిపోయాయి.

"తప్పానా?"

అత్తయ్యకు జాలేసింది. "తప్పేముంది? పోయినచోటే వెతుక్కోవడానికి వచ్చాం!" అని ఆయన చెవిలో అరిచింది.

నెల తిరక్కుండానే మిషన్లొచ్చాయి. పెట్టించుకుని ఇంటికెళుతుంటే, ఆయన ఎప్పటిలాగే ముందు, ఆమె వెనక. "కవాతుకెళుతున్నట్టు ఏం నడకో ఈ మనిషిది! వెనకొచ్చేవాళ్ల ఊసే పట్టదు" అని అలవాటుగా గొణుక్కుంది.

మామయ్య ఆగి, వెనక్కి తిరిగాడు.

"ఎప్పట్నుంచే ఇలా వెనకాల తిట్టడం?"

అత్తయ్య నాలిక్కరుచుకుంది. మరుక్షణమే సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీకు వినపడనప్పట్నుంచీ" అంది, ఇంకా నెమ్మదిగా.

"ఇంకోసారి తిట్టు."

పెళ్లినాటి ఆ మెత్తని గొంతుతో, ఇంటిదాకా ఆయన పక్కనే నడుస్తూ తిట్టింది.