ఉల్లంకి పిట్టల లెక్క

ఫాల్గుణం వచ్చిందంటే అచ్చాయమ్మ కాలు ఇంట్లో నిలవదు. గోదారి సముద్రంలో కలిసే చోట, ఊరికెదురుగా ఉన్న ఇసుక దిబ్బ మీద ఉల్లంకి పిట్టలు రొమ్ములు ఎర్రబారి, ఒళ్లు చేసి, చలిదేశాలకు తిరుగుప్రయాణం కట్టేది అప్పుడే. వాటిని చూడటానికి దుర్గాశ్రీ వచ్చేదీ అప్పుడే. పిట్టల చదువు చదివిన ఆ పిల్ల రెండేళ్లు వరసగా వచ్చి, నెలేసి రోజులు దిబ్బ మీద డేరా వేసుకుని, అచ్చాయమ్మ వండిన పీతల పులుసు తిని, "పిన్నీ, పిన్నీ" అంటూ వెంట తిరిగింది. పిల్లాజెల్లా లేని మనిషికి అంతకన్నా ఏం కావాలి? మిగతా పదకొండు నెలలూ ఆ పిలుపు కోసమే బతికింది.

ఈ ఏడు మాత్రం దుర్గాశ్రీ ముందే చెప్పింది. "వారం వారం మీరే లెక్కపెట్టి కార్డు రాయించండి పిన్నీ. పిట్టలు బాగా ఉంటేనే మా ఆఫీసువాళ్లు క్యాంపుకి పంపిస్తారు."

అచ్చాయమ్మ సముద్రం నీళ్లు వెనక్కి తీసే వేళ చూసుకుని దిబ్బకు నడిచి వెళ్లి, ఒళ్లు దగ్గర పెట్టుకుని లెక్కపెట్టింది. పోస్టుమాన్ దొరబాబుది మండపేట, ఈ తీరానికి కొత్త. ఆమె "రెండొందల పది" అంటే, అతను 210 అని రాశాడు. అలా మూడు కార్డులు వెళ్లాయి. మనిషి రాలేదు, ఉత్తరం వచ్చింది.

దొరబాబే చదివాడు. "నిరుడు ఎనిమిది వందలు దాటిన పిట్టలు ఈసారి రెండొందలకు పడిపోయాయటండి. క్యాంపు రద్దు చేశారంట. అమ్మాయిగారు రావట్లేదండి."

"పడిపోవడమేంటి నీ మొహం! రెండొందల పది పుంజీలయ్యా!"

"పుంజీ అంటే నాలుగు కదండీ?"

"కాకపోతే మూడా? పీతలైనా పిట్టలైనా మేమెప్పుడు ఒక్కోటి లెక్కెట్టాం?"

"మరి పుంజీలని నాకు చెప్పలేదేంటండీ?"

అచ్చాయమ్మ నెత్తి బాదుకుంది. ఏడాదంతా ఆ పిల్ల కోసం కళ్లు కాయలు కాచేలా చూసి, ఆఖరికి తన నోటితోనే రావద్దని చెప్పుకుంది.

ఫోన్ చేసి అసలు లెక్క చెప్పేద్దామనుకుంది. చెప్పేముందు ఇంకోసారి చూసుకుంటే మంచిదని, తెల్లారగానే దిబ్బకు పోయింది. ముందురోజు సాయంత్రం దాకా గుంపులుగా లేస్తూ, చక్కర్లు కొట్టి వాలుతూ కుదురు లేకుండా ఉన్న పిట్టలు, ఒక్కటంటే ఒక్కటి లేదు. ఇసుక నిండా కాళ్ల గుర్తులున్నాయి. వాటి మధ్యన కూలబడిపోయింది.

తర్వాత లేచి, పడవలో ఏరు దాటి, ఎస్టీడీ బూతుకు వెళ్లింది.

"పుంజీలా పిన్నీ!" అంటూ అవతల దుర్గాశ్రీ పగలబడి నవ్వింది. "నేను ఇప్పుడే మా సార్‌తో మాట్లాడతాను. ఇంకా ఉన్నాయా పిట్టలు?"

అచ్చాయమ్మ రిసీవరు రెండు చేతులా పట్టుకుంది. "ఉన్నాయండి. దిబ్బ నిండా ఉన్నాయి. వచ్చేయండమ్మా."

మర్నాడు మధ్యాహ్నం దుర్గాశ్రీ మెడలో బైనాక్యులర్ వేసుకుని, పడవ ఆగకముందే దూకింది. దిబ్బ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూసింది.

"ఎప్పుడు పోయాయి పిన్నీ?"

"మొన్న రాత్రండి."

"మరి నిన్న ఫోన్లో ఉన్నాయన్నారు?"

అచ్చాయమ్మ తలెత్తలేదు. అండి అనడం కూడా మరిచిపోయింది.

"లేవంటే నువ్వొస్తావా తల్లీ?"