సముద్రం వాసన వచ్చిన మధ్యాహ్నం

ఇంట్లో అందరూ ఆమెను నాచమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది మరిది. పెళ్లయిన కొత్తలో వదినది ఏం ఉద్యోగమని అడిగితే, సముద్రంలో కంటికి కనిపించని నాచును తెచ్చి సీసాల్లో పెంచుతానని చెప్పింది. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది.

ఆ నాచు గంధకాన్ని ఎలా వాడుకుంటుందో కనిపెట్టడం ఆమె పని. సముద్రపు నీటిలో గంధకం సల్ఫేట్ రూపంలో కరిగి ఉంటుంది. నాచు దాన్ని లోపలికి లాక్కుని కొంతతో ఒళ్లు కట్టుకుంటుంది. ఇంకొంతతో, ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒక పదార్థాన్ని తయారుచేసి దాచుకుంటుంది. అది విరిగినప్పుడు ఒక ఆవిరి పుడుతుంది. ఒడ్డున నిలబడితే తగిలే సముద్రం వాసనలో పెద్ద వాటా దానిదే.

ఇంత తెలిసిన నాచమ్మకు కొంతకాలంగా ఆ వాసన మాత్రం తెలియడం లేదు. రెండో కాన్పుకు ముందు వచ్చిన జ్వరం పోతూపోతూ ముక్కును మొద్దుబార్చి పోయింది. “తిరిగి రావచ్చు, రాకపోవచ్చు” అని డాక్టరు తేల్చీ తేల్చకుండా చెప్పాడు. పాలు మాడినా ఎవరో ఒకరు కేకేసి చెప్పాలి. అలాంటివి ఆమె నవ్వేసి ఊరుకునేది. తర్వాత పుట్టిన చంటివాడి సంగతి వేరు. చుట్టాలొచ్చి వాడి మెడలో ముఖం దూర్చి “అబ్బ, ఎంత కమ్మగా ఉన్నాడో” అంటుంటే, ఏదో పని కల్పించుకుని పక్క గదిలోకి వెళ్లిపోయేది.

ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో రెండు రకాల నాచు సిద్ధంగా ఉంది. ఒకటి సల్ఫేట్ నిండుగా ఉన్న నీటిలో పెరిగింది, రెండోది దాదాపు లేని నీటిలో బిక్కుబిక్కుమంటూ బతికింది. రెండింటి నుంచీ సమానంగా కణాలు తీసి చిన్న సీసాల్లో పోసి, ఘాటైన క్షారం చుక్కలు వేసి మూతలు బిగించింది. క్షారం తగిలితే దాచుకున్న పదార్థం విరిగి ఆవిరవుతుంది. ఏ సీసాలో ఎంత ఆవిరి ఉందో మిషన్ చెబుతుంది. తీరా చూస్తే మిషన్ మొరాయించింది. అందరూ బాబాయ్ అని పిలిచే మెకానిక్ దాన్ని విప్పి బల్లనిండా పరిచాడు.

“ఇంకెంతసేపు బాబాయ్?”

“నన్నడక్కు తల్లీ, దీన్నడుగు. పొద్దున్నుంచీ అలిగి కూర్చుంది.”

చేసేదేమీ లేక ఆమె సీసాలు సర్దుతోంది. ఒకదాని మూత వదులుగా ఉంటే మార్చబోయింది. ముక్కులో ఏదో చిన్నగా లాగినట్టయింది. క్యాబేజీ ఉడుకుతున్నట్టు, తడి ఇసుక మీద నిలబడినట్టు. చేయి అక్కడే ఆగిపోయింది.

“బాబాయ్, మీకేమైనా వాసన వస్తోందా?”

“సముద్రం కంపు. రోజూ ఉండేదేగా,” అన్నాడు తలెత్తకుండా. మరుక్షణం స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. “ఏంటమ్మా, నీకొచ్చిందా?”

“ఏమో. ఇందులో ఏముందో నాకు ముందే తెలుసు కదా. నా భ్రమేమో.”

“అయితే పరీక్ష పెడతా. అటు తిరుగు.”

సీసాల మీది చీటీలకు టేపు అంటించి, వరస కలిపేశాడు. ఆమె కళ్లు మూసుకుంది. అతను ఒక్కో మూత తీసి, కాస్త దూరంగా పట్టుకుని, అరచేత్తో గాలి ఆమె వైపు విసిరాడు.

“ఉంది,” అంది. “ఇందులో లేదు. ఇందులో కూడా లేదు. ఇది... ఉంది బాబాయ్, బాగా ఉంది.”

చివరిదాకా అయ్యాక టేపులు ఊడదీశాడు. ఒక్కటీ తప్పలేదు. ఆమె ఉందన్నవన్నీ గంధకం తిని బలిసిన నాచు సీసాలే.

“ఇంత మంచి మిషన్ ఇక్కడుంచుకుని, నా చేత దీన్నెందుకు విప్పించావమ్మా?”

ఆమె నవ్వబోతే ఏడుపొచ్చింది. బాబాయ్ ఎక్కడికీ పోని స్క్రూ కోసం బల్లకింద వెతకడం మొదలుపెట్టాడు. సాయంత్రానికి మిషన్ అలక తీరింది. కొత్తగా నింపిన సీసాలు పెడితే, అది కూడా ఆమె ముక్కు చెప్పిన మాటే చెప్పింది.

దారిలో బస్సు నిండా చెమట వాసన. రోజూ ఒక స్టాపు ముందే దిగి నడిచే ఆమె, ఇవాళ ఆ వాసన పీలుస్తూ ఇంటిదాకా అందులోనే కూర్చుంది.

గడపలో చెప్పులు విప్పుతూ, గదిలో చంటివాణ్ణి ఆడిస్తున్న భర్తతో మామూలుగా అంది: “వాడు పని కానిచ్చాడు. గుడ్డ మార్చాలి.”

“ఇప్పుడే మారుస్తా,” అంటూ లేచినవాడు లేచినట్టే ఆగిపోయాడు. “నువ్వు ఇంకా లోపలికే రాలేదు. నీకెలా తెలుసు?”

ఆమె నవ్వుతూ నిలబడింది. అతనికి అర్థమవడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక చంటివాణ్ణి ఎత్తుకుని ఇల్లంతా గిరగిరా తిరిగాడు, మార్చని గుడ్డతోనే.

“ఇలా ఇవ్వండి. ఇవాళ నేనే కడుగుతా,” అంది నాచమ్మ, చేతులు చాస్తూ.

కడిగి, తుడిచి, ఉతికిన గుడ్డ కట్టాక, వాడి మెడ మడతలో ముక్కు ఆనించింది. పాలు, పౌడరు, వాటి కింద పేరులేని వెచ్చని వాసన ఒకటి. చంటివాడు చక్కిలిగింతకు కిలకిలలాడాడు. ఆమె తల ఎత్తలేదు.