పదిహేనుకి మూడు

కాత్యాయని పరీక్ష పేపర్లు దిద్దుతోంది. తను కూర్చున్నది బడిలో స్టాఫ్‌రూమో ఆసుపత్రి వార్డో పోల్చుకోలేకపోతున్నాను. బ్లాక్‌బోర్డు ఉన్న గోడకే ఆకుపచ్చ తెర వేలాడుతోంది, తెర వెనక మా పుట్టింటి నూతి గిలక కిర్రుమంటోంది, నేలంతా నీళ్లున్నా నా కాళ్లకు తడి అంటడం లేదు. చెల్లెలు పోయాక ఇది రెండో వేసవని తెలుసు, అయినా ఆసుపత్రిలో కత్తిరించిన జుట్టు ఇంత ఒత్తుగా ఎలా వచ్చిందా అని సంతోషిస్తున్నాను.

"కూర్చో అక్కా, నిలబడి చూస్తే మార్కులు పెరగవు" అంటుంది తలెత్తకుండానే.

అన్ని పేపర్లలోనూ అవే ప్రశ్నలు. మెదడువాపు జ్వరంతో తను మంచం మీద ఉన్నప్పుడు డాక్టరు రోజూ పొద్దున్నే చూసినవి: కళ్లు తెరిచిందా, చెప్పినట్టు చెయ్యి ఎత్తిందా, అడిగినదానికి సరిగా బదులిచ్చిందా. పదిహేనుకి ఎన్నొస్తే మనిషి లేచి తిరుగుతుందో, ఎన్నొస్తే ఆశ సన్నగిల్లుతుందో ఆయన నెమ్మదిగా చెప్పేవారు, నేను ఒక్కో మార్కునీ పొయ్యి మీది పాలలా కనిపెట్టుకుని ఉండేదాన్ని.

"ఇందులో తమాషా తెలుసా? ఏమీ చేయకపోయినా మూడు వేస్తారు. కళ్లు తెరవక్కర్లేదు, నోరు విప్పక్కర్లేదు. మా ఏడో తరగతి వెధవలకి నేనెప్పుడైనా అలా ఊరికే వేశానా?"

నవ్వుతాను.

"ఆ ఒక్క మార్కు ఎందుకు పోగొట్టుకున్నావే?" అంటాను. నన్ను చూపించి ఈవిడెవరని డాక్టరు అడిగితే తను అక్క అనలేదు, "అమ్మా" అంది. మా అమ్మ పోయాక దీన్ని పెంచింది నేనే, అది తప్పు కాదండీ అని ఎంత చెప్పినా, ఆయన బాధపడుతూనే అయోమయం కింద ఒక మార్కు తగ్గించి రాసుకున్నారు. ఆ తర్వాత తను మరి మాట్లాడలేదు. "రోగం నీచేత అనిపించిందా, నువ్వే అన్నావా? అదొక్కటి చెప్పు, చాలు."

ఎర్ర పెన్సిలు ఆగుతుంది. మొదటిసారి నావైపు చూస్తుంది.

"నేను జవాబు చెప్పలేదక్కా. పిలిచాను. నువ్వేమో డాక్టరుకేసి తిరిగావు."

"ఇప్పుడు పిలువు, పలుకుతాను" అంటూ దగ్గరికి వెళ్లబోతే మా మధ్య బల్ల పొడుగవుతూ పోతుంది, గిలక చప్పుడు దగ్గరవుతుంది, తను పేపరు తిప్పుతూ, "మిన్ను తల చిక్కులు తియ్యి, ఏడ్చినా వదలకు" అంటుంది, నేను నోరు తెరుస్తాను కానీ మాట బయటికి రాదు.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. పైన ఫ్యాను కిర్రుమంటోంది. కాత్యాయని కూతురు మిన్ను ఒంటిపూట బడి నుంచి వచ్చి, యూనిఫామ్ విప్పకుండానే నా పక్కన పడి నిద్రపోయింది. ఎప్పుడూ నన్ను పెద్దమ్మా అనే పిల్ల, కళ్లు తెరవకుండానే "అమ్మా" అంది.

ఎవరిని పిలిచిందో నాకు తెలియదు.

"ఊఁ" అన్నాను.